ఆదిమజాతుల విద్య: మారినదేది, మారనిదేది

శిక్షణ కళాశాలలో చేరిన తొలివారమున మాకు నేర్పిన సూత్రమొకటి కలదు. "తెలిసినదానినుండి తెలియనిదానికి బాలుని నడిపింపవలెను" అనునదియే అది. పరీక్షలో దానిని చక్కగా వ్రాసి మార్కులు పొందితిమి. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి పదునైదేండ్లు గడచిన పిమ్మట, మా పాఠశాలకు చేరిన ప్రాథమిక తరగతిలో ఆరేండ్ల బాలిక యొకతె ఆ సూత్రమును మాకు మరల నేర్పవలసి వచ్చెను.

ఆమె పాలకొండల క్రిందనున్న యొక సుగాలి తండానుండి వచ్చినది. మూడునెలలు నోరు మెదపలేదు. గోడకు వ్రేలాడు అక్షరపటముపై బెత్తమునుంచి "అ – అమ్మ" యని మేము పలుకగా తరగతియంతయు ఏకకంఠముతో పలికెడిది. ఆమె మాత్రము పటమును చూచెడిది, మమ్ము చూచెడిది, ఊరకుండెడిది. అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట ఆమె ప్రగతిపత్రమున "మందబుద్ధి" యని మా చేతితోనే వ్రాసితిమి. మఱికొన్ని దినములకు మధ్యాహ్నభోజన సమయమున, అయిదవ తరగతి చదువు తన యన్న ప్రక్కన కూర్చుండి, వడ్డించుటకు తెచ్చిన కోడిగ్రుడ్లను ఆమె తన భాషలో ఇరువదివఱకు తప్పులేక లెక్కించుచుండగా వింటిమి. ఆ బాలికకు లెక్క వచ్చును, మాట వచ్చును. ఆమె మాట రానివారము మేమే. తండాలో తల్లిని "యాడి" యందురు. పటములోని స్త్రీ యెవరో, ఆమెను "అమ్మ" యని యేల పిలువవలెనో ఆమెకెవ్వరును చెప్పలేదు. తెలియనిదానినుండి మొదలిడి తెలియనిదానికే ఆమెను నడిపించితిమి.

నాటినుండి ఒక ప్రశ్న మమ్ము వదలలేదు. ఐరోపావారు ఈ దేశమున పాదుకొనిన దినములనుండి అడవిజాతులకును సంచారజాతులకును చదువు చెప్పుటకు ఎందఱో పూనుకొనిరి. దొరలు పోయిరి, మన ప్రభుత్వములు వచ్చినవి. బడి పేరు మారినది, గోడలు మారినవి, భోజనము మారినది. ఇంత మారినను ఆ తండాబిడ్డ మూడునెలలు మూగయై కూర్చుండుట యేల మారలేదు?

ముందుగా మా సీమలోని వారెవరో చెప్పవలెను. నల్లమల యందు చెంచులు, కోడూరు వైపున యానాదులు ఈ నేలకు మిక్కిలి పాతకాపులు. ఎఱుకలవారు ఊరూర తిరుగుచు వెదురుబుట్టలు, ఈతాకు చాపలు అల్లి, సోది చెప్పి జీవించినవారు. సుగాలీలు ఉత్తరమునుండి ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోసికొనుచు వచ్చి, వేంపల్లె, చక్రాయపేట ప్రాంతముల తండాలు కట్టుకొనినవారు. వీరందఱును ఒక్క జాతివారు కారు, ఒక్క చరిత్ర కలవారును కారు. సర్కారు పట్టికలో మాత్రము అందఱును "షెడ్యూల్డు తెగలు" అనియే కనబడుదురు.

కుంపిణీ పాలనకు పూర్వము వీరికి చదువు లేదనుట సగము నిజమే. దత్తమండలములకు 1800 నుండి 1807 వఱకు కలెక్టరుగానుండిన తామస్ మన్రో, తరువాత గవర్నరై, 1822లో చెన్నరాజధానియందలి బడులను లెక్కింపించెను. 1826లో ఆ లెక్క తేలినది: 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, అనగా జనసంఖ్యలో సుమారు 67 మందికొకరు. మన ప్రక్కనున్న బళ్లారి జిల్లాలో 533 బడులుండగా వానిలో 226 తెలుగుబడులు. బ్రాహ్మణులెందఱు, వైశ్యులెందఱు, శూద్రులెందఱు, ఇతరులెందఱు, మహమ్మదీయులెందఱు అని ఆ పట్టికలలో గళ్లు కలవు. చెంచునకుగాని యానాదికిగాని వేఱుగడి లేదు. వీధిబడి యరుగు ఎంత ప్రసిద్ధమైనను దానిపై వారికి చోటులేదు. అయినను తేనెపట్టునకు త్రాటిపై దిగు విద్య, మూలికనెఱుగు విద్య, అడుగుజాడను చదువు విద్య వారికి కలవు. తల్లి, తండ్రి, మేనమామ వారికి ఉపాధ్యాయులు. ఆ విద్యను మన్రోగారి గుమాస్తాలు లెక్కవేయలేదు. ఆమాటకు వచ్చిన నేటి గుమాస్తాలును వేయుటలేదు.

కడపలో లండను మిషనువారు 1822లో పనికి దిగిరి. అంతకు ఒక సంవత్సరము ముందే సి. పి. బ్రౌను అక్కడ తన ఖర్చుతో ఉచితపాఠశాలలు పెట్టెను. 1854 నాటి వుడ్ నివేదనము వలన స్వంతబడులకు సర్కారు గ్రాంటు దొరకుటతో మిషను పాఠశాలలు బలపడెను. మాలమాదిగల పిల్లలు బడిగడప త్రొక్కుటకు ఈ పాఠశాలలు దారితీసినవి. మేమును అట్టి బడి ఫలమునే తినినవారము గనుక ఆ మాట కృతజ్ఞతతో చెప్పుచున్నాము. కొండజాతుల సంగతి వేఱు. గోదావరి తీరమున దుమ్ముగూడెము నందు ఇంజనీరు హేగ్ పూనికతో కోయలనడుమ మిషను వెలసి, సువార్త భాగములు కోయభాషలోనికి పరివర్తితములైనవి. ఇట్టి ప్రయత్నములు అరుదు. పెక్కుచోట్ల పాదిరియు పంతులును కొండకు తమ భాషనే మోసికొనిపోయిరి.

ఇప్పుడు చెప్పవలసినది మాకు కష్టమైన సంగతి. దాచుట తగదు.

ఎఱుకలవారును సుగాలీలును ఎద్దులపై ఉప్పు మోసి బ్రతుకుచుండగా, ఉప్పుపై కుంపిణీ గుత్తయు, తరువాత రైలుదారియు వారి వర్తకమును హరించెను. మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రకటించిన గ్రంథమున ఎఱుకలవారి విషయమున దీనిని చక్కగా నిరూపించిరి. బ్రతుకుతెరువు పోయినవానిని దొంగ యనుట సులభము. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికి వ్యాపించెను. ఎఱుకలకులమున పుట్టినంతమాత్రమున మనుష్యుడు పోలీసు పట్టీకెక్కెను, వ్రేలిముద్ర వేసెను, రాత్రి హాజరు పలికెను. వీరిని ఒకచోట కట్టిపెట్టి "సంస్కరించుటకు" సెటిల్మెంట్లు ఏర్పడినవి. ఆ సెటిల్మెంట్లను నడుపుటకు సర్కారు పిలిచినదెవరిని? మిషనులనే. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారిది. కావలి సెటిల్మెంటు అమెరికను బాప్టిస్టు మిషనువారిది.

అక్కడ బడి కలదు. నిర్బంధవిద్య కలదు. ఈ దేశమున సామాన్యప్రజలకు నిర్బంధవిద్య ఇంకను కలగానున్న దినములలో, దొంగలని ముద్రవేయబడిన జాతి బిడ్డలకే అది మొదట లభించుట చిత్రము కాదా! అయితే ఆ చదువునకు పోలీసు కాపలా. 1911, 1924 శాసనములందు పిల్లలను తల్లిదండ్రులనుండి విడదీసి పాఠశాలలందుంచుటకు సర్కారునకు అధికారమొసగు నిబంధన స్పష్టముగా కలదు. 1924 శాసనమున ఆరేండ్లకు పైబడి పదునెనిమిదేండ్లకు లోబడినవారందఱును పిల్లలుగా ఎన్నబడిరి. తండ్రి చెడ్డవాడు, తల్లి చెడ్డది, వారి మాట చెడ్డది, బిడ్డను వారినుండి వేఱుచేసిన బాగుపడును – ఇదియే ఆ నిబంధన యంతరార్థము. ఆ సెటిల్మెంట్లలో పనిచేసిన మిషనరీలలో దయాహృదయులు లేరని మేమనము. రోగులకు మందిచ్చిరి, చేతిపని నేర్పిరి, అక్షరము నేర్పిరి. వారిచ్చిన అక్షరముతోనే తరువాతితరము వారు తమ కులముపై పడిన మచ్చను ప్రశ్నించిరి. దయ యొక చేత, తాళపుచెవి యొక చేత పట్టుకొనుటయందున్న దోషమును మాత్రము మన మిషను పాఠశాలలవారము ఒప్పుకొనక తప్పదు.

ఇది మన దేశపు ప్రత్యేకత కాదు. ఆస్ట్రేలియాలో గవర్నరు మక్వారీ 1814లో స్థాపించిన పర్రమట్టా పాఠశాల మొదలుకొని, ఆదివాసుల పిల్లలకు చదువనగా తల్లి యొడినుండి తీసికొనిపోవుటయే అయినది. 1909లో న్యూ సౌత్ వేల్సు "రక్షణ" శాసనము వచ్చెను. ఇట్లు వేఱుచేయబడిన బిడ్డల వృత్తాంతము 1997 నాటి విచారణ నివేదికవలన వెల్లడి కాగా, 2008 ఫిబ్రవరి 13న ఆ దేశపు ప్రధానమంత్రి శాసనసభలో నిలిచి క్షమాపణ చెప్పెను. స్టూవర్టుపురమునకును పర్రమట్టాకును నడుమ సముద్రమున్నదిగాని, ఆలోచన యొక్కటే. మా సీమ ఎఱుకలపేటలలో ఎవరైనను నిలిచి అట్టి మాట చెప్పగా మేము వినలేదు. చెన్నరాజధానిలో ఆ చట్టము 1947లో రద్దయ్యెను. దేశమంతట 1952 ఆగస్టు 31తో తొలగెను. నెల్లూరు సీమలో యానాదులకును ఇతర సంచారజాతులకును జీవితమంతయు ధారవోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారి శ్రమ దాని వెనుకనున్నది. చట్టము పోయినను, పెట్టెలో పెన్సిలు కనబడకున్న తరగతి చూపు ఇప్పటికిని ఎఱుకలబాలునివైపు తిరుగును. ఉపాధ్యాయుని చూపును తిరుగును. మా కన్నులతో చూచిన సంగతియే ఇది.

మఱియొక దారి లేకపోయెనా? కలదు, ఆ దారిని తీసినవాడు తెలుగు ఉపాధ్యాయుడే. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడి పాఠశాలలో చరిత్ర బోధించుచు, కొండలనుండి దిగివచ్చు సవరలను చూచి, వారి భాష నేర్వవలెనని పూనుకొనిరి. తెలుగు తెలిసిన సవర నొకని ఇంట నుంచుకొని మాట మాట అడిగి వ్రాసికొనిరి. పంతులు శిష్యుడై, సవర గురువయ్యెను. స్వంతధనముతో సవరలకు బడులు పెట్టి, సవరభాషలోనే వాచకములు వ్రాసిరి. ఆయన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను చెన్నపురి ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఏటేట ఆగస్టు 29న ఆయన పుట్టినదినమును తెలుగుభాషాదినముగా మన పాఠశాలలన్నియు జరుపుచున్నవి. మాతృభాష తల్లిపాలవంటిదని పిల్లలచేత ఉపన్యాసములు చెప్పించుచున్నాము. ఆ సభలో వెనుకవరుసను కూర్చున్న సుగాలిబాలునకు ఆ వాక్యము తనకు సంబంధించినదని తోచదు, మనకును తోచదు. రామమూర్తిగారు ఎదిరించిన గ్రాంథికముననే మేమీ వ్యాసము వ్రాయుచుంటిమని చదువరులు నవ్వుకొందురు కాబోలు. నవ్వనిండు. ఈ సంచిక యాచారమది, మా చేయి మారుట కష్టము. చేయి మారుటయే ఇంత కష్టమైనచో, ఆరేండ్ల పిల్ల నోరు ఒక్కదినమున మారవలెనని కోరుట న్యాయమా?

ఆదిలాబాదు అడవులలో ఇట్టిదే మఱియొక ప్రయత్నము జరిగెను. 1940లో జోడేఘాటున కుమురం భీము నేలకొరిగిన పిమ్మట నైజాము సర్కారువారు గోండుల సంగతి విచారింపుమని హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని కోరిరి. ఆయన సలహాపై 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులకే ఉపాధ్యాయశిక్షణ మొదలయ్యెను. గోండీభాషలో వాచకములు సిద్ధమయ్యెను. అక్కడ శిక్షణపొందినవారు తమ గూడెములకే పంతుళ్లుగా వెళ్లిరి. కడపటి దినములవఱకు ఆయన మార్లవాయిని మరువలేదు. ఆయన భార్య సమాధి అక్కడనే యున్నది. పిల్లవాని భాష వచ్చినవాడు, పిల్లవాని గూడెము వాడు పంతులైనచో బడి పరాయిది కాదని ఈ రెండు ఉదాహరణములును చాటుచున్నవి.

స్వాతంత్ర్యానంతరము జరిగిన మేలు చిన్నది కాదు. ఆశ్రమపాఠశాలలు, గురుకులములు, వసతిగృహములు, ఉపకారవేతనములు వచ్చెను. శ్రీశైలమున చెంచులకొఱకు ప్రత్యేక సంస్థ వెలసెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గిరిజనులలో అక్షరాస్యులు 1961లో నూటికి అయిదుగురైనను లేరు. 2001 నాటికి 37 మంది, 2011 నాటికి 49 మంది అయిరి. వేంపల్లెకు చేరువ ఇడుపులపాయలో 2008లో వెలసిన సాంకేతిక విద్యాలయమునకు తండాబాలురును ప్రవేశము పొంది వెళ్లిరి. వారి తాతలు పాపాగ్ని యొడ్డున కట్టెలు కొట్టినవారు. ఇది చూచి సంతోషింపని ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడే కాడు.

సంతోషించుచునే అడుగుచున్నాము. అదే 2011లో రాష్ట్రమున అందఱినీ కలిపిన లెక్క నూటికి 67. ఆ పదునెనిమిది మంది తేడా యెక్కడ జాఱిపోయినది? పేదఱికము, వలస, బాల్యవివాహము – ఇవి యన్నియు కారణములే. తల్లిదండ్రులు చెఱకుకోతకు పోయినపుడు బిడ్డయు పోవును, మరల వచ్చుసరికి హాజరుపట్టీలో పేరుండదు. పేదఱికము ఒక్కటియే కారణమైనచో అదే పేదఱికముననున్న ఇతరుల పిల్లలును అంతగానే జాఱవలెను. మా హాజరుపట్టీలలో అట్లు కనబడదు. మా తరగతులందు మేము చూచినంతలో, తండాపిల్ల మొదటి రెండేండ్లలోనే వెనుకబడును. తరువాత ఎంత లాగినను పైకి రాదు. మూడవతరగతిలో కూడిక రాలేదని మేమనుకొనునది, ఒకటవతరగతిలో మాట అందకపోవుటయే.

మన ప్రభుత్వమునకు ఇది తెలియదనరాదు. 2004లో బహుభాషావిద్యాపథకము పేర గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ – ఈ ఎనిమిది భాషలలో వాచకములు తయారయ్యెను. మంచిపని. మా ప్రాంతపు తండాబడిలో మాత్రము ఆ లంబాడీ పుస్తకమును మేము కంటితో చూడలేదు. ఎఱుకలభాషకు ఆ పట్టికలో చోటే లేదు. ఏజెన్సీ ప్రాంతములందు పంతులుద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే యని 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు ఉత్తర్వును 2020 ఏప్రిల్ 22న సుప్రీముకోర్టు కొట్టివేసెను. నూటికి నూరు కేటాయింపు రాజ్యాంగసమ్మతము కాదని తీర్పు. ఆ తీర్పును తప్పుపట్టు విద్య మాకు లేదు. అయితే ఆ ఉత్తర్వు వెనుకనున్న అవసరము తీర్పుతో తీరలేదు. మా జిల్లాకు ఏజెన్సీ చట్టములు మొదటనే లేవు. కనుక ఇక్కడ ఎఱుకలవానిని, సుగాలివానిని తెలుగుబిడ్డగానే ఎంచి, తెలుగురాని తెలుగుబిడ్డ యని నిందించుచున్నాము.

మా సహోపాధ్యాయులలో పెద్దవారొకరు ఈ మాటలు విని ఇట్లనిరి: "తండావాళ్లే తమ పిల్లలకు ఇంగ్లీషు కావాలంటున్నారు. నీవు వాళ్లను మళ్లీ తండాలోకే తోస్తావా?" ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. తండాతండ్రి మా వద్దకు వచ్చి ఇంగ్లీషే అడుగును. అడుగుట అతని హక్కు. తన భాష చేత ఉద్యోగము రాదని అతడు బాగుగ ఎఱుగును. ఉన్నవారి బిడ్డలు ఇంగ్లీషు చదువుచుండగా లేనివారికి మాతృభాషామహిమ బోధించుట సిగ్గుమాలిన పని. మేము కోరునది అది కాదు. తెలుగునకు గాని ఇంగ్లీషునకు గాని బిడ్డ చేరవలెనన్న వంతెన కావలెను. ఆ వంతెన యొక కొన బిడ్డ నిలిచియున్న యొడ్డున నుండవలెను గదా! మొదటి రెండేండ్లు బిడ్డ మాటలో పలుకరించి, బిడ్డ లెక్కతో లెక్క చెప్పి, ఆ పిదప తెలుగును ఇంగ్లీషును ఎక్కించినచో అవి నిలుచును. లేనిచో అన్నము పెట్టి హాజరువేసి అయిదేండ్లు కూర్చుండబెట్టి పంపుటయే యగును. సెటిల్మెంటు బడిలోను హాజరు వేసిరి.

మా శిక్షణ కళాశాలలలో బాలమనస్తత్త్వము, బోధనపద్ధతులు, మూల్యాంకనము పఠింపజేయుదురు. ఈ జిల్లాలో బడికి వచ్చు పిల్లలు ఏయే భాషలు మాటాడుదురో ఒక గంటయైనను మాకు చెప్పలేదు. ఎఱుకలభాష యొకటి కలదని ఉద్యోగమున చేరిన పదేండ్లకుగాని మాకు తెలియదు. దానికి తమిళముతో చుట్టఱికమున్నదని తెలిసినది ఇంకను తరువాతనే. భాషావారధులు కావలసిన పంతుళ్ల విషయమున ఇంత యశ్రద్ధ యేల?

గత జూనునుండి మా ప్రాథమిక తరగతులలో కొద్దిపాటి పని మొదలుపెట్టితిమి. ఒక తండా ముసలమ్మను వారమునకొకసారి బడికి పిలిచి పిల్లలకు కథ చెప్పించుచున్నాము. ఆమె తన భాషలో చెప్పును, అయిదవతరగతి బాలుడు తెలుగు చేయును. ఎఱుకలపేటనుండి ఒక పెద్దాయన వచ్చి గంప యల్లుట చూపించెను. ఆ అల్లికలో సరిసంఖ్యయు బేసిసంఖ్యయు ఎట్లు వచ్చునో మా లెక్కలపంతులుగారు నల్లబల్లపై వ్రాయగా, పిల్లలకన్న ఆయనయే ఎక్కువ ఆశ్చర్యపడెను. అక్షరపటముపై "అమ్మ" క్రింద "యాడి" యని చిన్న అక్షరములతో మేమే వ్రాసితిమి. పర్యవేక్షణకు వచ్చిన అధికారి యొకరు పటమును పాడుచేసితిరేమని అడిగిరి. సంగతి చెప్పగా, కొంచెముసేపు చూచి, ఊరకుండిరి.

మాకును నూఱు మాటలు వచ్చినవి. ఉచ్చారణ సరిలేదని ఆ బాలికయే – ఇప్పుడు నాలుగవ తరగతి – మమ్ము దిద్దుచున్నది. ఆమె పాత ప్రగతిపత్రము ఇంకను కార్యాలయపు బీరువాలోనే యున్నది. దానిని చించుటకు మాకు అధికారము లేదట. "మందబుద్ధి" యను మాట ప్రక్కన ఎఱ్ఱసిరాతో, తేదీతో, మా సంతకముతో, "ఈ మాట వ్రాసినవారి పొరపాటు" అని చేర్చితిమి.